రిపేరుకు లొంగని చోట

రాత్రి పదకొండున్నరకు మైండ్‌స్పేస్ దగ్గర ఎక్కిన క్యాబు దుర్గం చెరువు తీగల వంతెన మీదికి వచ్చేసరికి, డ్యాష్‌బోర్డు మీది ఫోను దారి తప్పింది. మ్యాపులో మా నీలం బాణం చెరువు నడిమధ్యన నిలబడి గిరగిరా తిరుగుతోంది. డ్రైవరు ఫోను ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే వరస. ఈసారి అద్దానికి వేలాడుతున్న చిన్న రాగిరేకును తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అదేమిటని అడిగాను. "యంత్రం సార్. బండి కొన్ననాడు మా అమ్మ కట్టిచ్చింది" అన్నాడు. వంతెన దిగాక ఫోను దానంతటదే దారిలో పడింది. రెండు ప్రయత్నాల్లో ఏది పనిచేసిందో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇల్లు చేరేదాకా ఆ మాటే మనసులో మెదిలింది. తెలుగులో యంత్రమంటే మరా అవుతుంది, తాయెత్తూ అవుతుంది. ద్రౌపది స్వయంవరంలో అర్జునుడు కొట్టిన మత్స్యయంత్రం గిర్రున తిరిగే మర. ఇవాళ కొండాపూర్‌లో విల్లా కొన్నవాళ్ళు వాస్తుదోషం పోవడానికి ఇంట్లో పెట్టించుకునే మత్స్యయంత్రం రాగిరేకు. విజయదశమి వస్తే హైటెక్ సిటీ ఆఫీసుల్లో కంప్యూటర్లకు కుంకుమబొట్లు పెడతారు. ఆ పూట పూజ ఏ అర్థంలో యంత్రానికి జరుగుతోందన్న సందేహం ఎవరికీ రాదు. ఇలాంటి భాషలో తీసే సినిమాల్లో సైన్స్ ఫిక్షన్ ఎక్కడ ఆగుతుందో, హారర్ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించడం కష్టమే.

ఆ మాటకొస్తే బయటివాళ్ళకీ అది తెగిన తగవు కాదు. మేరీ షెల్లీ 1818లో అచ్చు వేయించిన 'ఫ్రాంకెన్‌స్టైన్'ను రెండు వర్గాలవాళ్ళూ తమ ఆదిగ్రంథమనే చెప్పుకుంటారు. 1979 నాటి 'ఏలియన్'లో అంతరిక్ష నౌక ఉంది, గ్రహాంతర జీవి ఉంది. కానీ ఒక మనిషి చీకట్లో పిల్లిని వెతుక్కుంటూ వెళ్ళే ఘట్టంలో ఆ నౌక పాతబడ్డ దివాణంలాగే ఉంటుంది. 1982లో వచ్చిన 'ద థింగ్' అంటార్కిటికా మంచులో జరుగుతుంది. ఆ సినిమాల్లో ఒక సౌలభ్యముంది. భయం ఎక్కడో ఊరికి దూరంగా, మనం ఎన్నడూ వెళ్ళని చోట పుడుతుంది. మన దగ్గర అది ఇంటి గడపలోకే వస్తుంది. వచ్చాక ఇంటివాళ్ళు ఎవరికి కబురు పెడతారన్నదే అసలు కథ.

రాకెట్టు కనిపిస్తే సైఫై, రక్తం కనిపిస్తే హారర్ అనే లెక్క మన సినిమాలకు సరిపోదని నాకు చాలాకాలంగా అనుమానం. తెలుగు సినిమాకు పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. తెర మీద ఏదో చెడింది: మనిషో, ఇల్లో, కాలమో. దాన్ని బాగుచెయ్యడానికి చూస్తున్నారా, శాంతి చేయించడానికి చూస్తున్నారా? రిపేరుకు లొంగినంతవరకు సైన్స్ ఫిక్షన్. లొంగక, శాంతికి సిద్ధపడిన క్షణం నుంచి హారర్. ఈ గీత ఎప్పుడూ ఒకేచోట నిలబడలేదు. డెబ్భై ఏళ్ళలో అది ఎటు జరిగిందో చూస్తే హైదరాబాదు ఎలా మారిందో కూడా కొంత తెలుస్తుంది.

1957లో 'మాయాబజార్' వచ్చేనాటికి ఈ ప్రశ్నే లేదు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. మూత తీస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకి కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడికి శకుని. అది ల్యాప్‌టాప్‌కు ముత్తాత అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నన్ను ఆకట్టుకునే సంగతి మరొకటి: ఆ పెట్టె ఎలా పనిచేస్తుందని సినిమాలో ఒక్కరూ అడగరు. దాన్ని చూసి ఒక్కరూ జడుసుకోరు. చెడిపోయే అవకాశమే లేని యంత్రానికి రిపేరెందుకు, శాంతెందుకు? ఘటోత్కచుడి మాయలదీ అదే తీరు. మాయ అంటే వినోదం, అంతే.

బి. విఠలాచార్య చేతిలో దెయ్యాలకు కూడా ఈ భాగ్యమే దక్కింది. 1978 నాటి 'జగన్మోహిని'లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. హాల్లో పిల్లలు కళ్ళు మూసుకున్న మాట నిజమే, వేళ్ళ సందుల్లోంచి చూసి నవ్విన మాటా నిజమే. ఆ అస్థిపంజరాలు, ఎగిరే తలలు కెమెరా మాయలని ప్రేక్షకుడికి తెలుసు. తెలిసే టికెట్టు కొన్నాడు. అది హారరని నేననుకోను. గారడీ చూసినప్పటి సంబరం అది.

భయం వేరే దారిలో, పత్రికల గుండా వచ్చింది. 1980ల తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే తెలుగు దేశమంతా వారం వారం ఎదురుచూసింది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి. ఒక పక్క మాంత్రికులు, ఇంకో పక్క డాక్టర్లు, హిప్నాటిస్టులు. పిల్లను పీడించింది క్షుద్రశక్తా, జబ్బా అన్నది తేల్చకుండా, చదివేవాడి నమ్మకాన్ని బట్టి ఎటైనా తీసుకునేలా రాశారు. మంచి వ్యాపార మెళకువ అది. రంగనాయకమ్మ మండిపడి ఏకంగా ఒక విమర్శ పుస్తకమే రాశారు. దాని పేరులోనే 'గంజాయి దమ్ము' అన్న మాట ఉంది. మూఢనమ్మకాన్ని సైన్సు పక్కన సమాన పీట వేసి కూర్చోబెట్టారన్న కోపం న్యాయమైనదే. అయితే కథ కట్టుబడిని మాత్రమే చూస్తే, ఆ తర్వాత నలభై ఏళ్ళు మన తెర మీద నడవబోయే గొడవకు నమూనా అక్కడే తయారైంది. ఒకే మంచం, అటొక డాక్టరు, ఇటొక మాంత్రికుడు. 'తులసిదళం' తరువాయి నవల 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లల్ని ఆ పేరుతోనే బెదిరించిన రోజులు నాకు జ్ఞాపకమే.

1991 జులైలో 'ఆదిత్య 369' విడుదలైంది. తీసింది సింగీతం శ్రీనివాసరావు. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. ప్రియదర్శినిని చూసిన కళ్ళే కాలయంత్రాన్నీ కల్పించాయన్నమాట. ప్రొఫెసర్ రాందాస్‌గా టిన్నూ ఆనంద్ చేసిన పాత్ర మన సినిమాకు కొత్త. జుట్టు రేగిన ఆ ముసలాయన మాంత్రికుడి పీట మీద కూర్చున్న సైంటిస్టు, పైగా మంచివాడు. యంత్రం వెనక్కి 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోతుంది. ఆ భాగమంతా పండగ. ముందుకు 2504కి పోయినప్పుడు మాత్రం పండగ ఆగిపోతుంది. అణుయుద్ధం జరిగిపోయింది, నేల మీద రేడియేషన్, మనుషులు భూగర్భంలో బతుకుతున్నారు. అక్కడ దెయ్యం లేదు, ఎవరూ అరవరు. కానీ అది రిపేరు చెయ్యగలిగింది కాదు. నా లెక్కలో తెలుగు సైన్స్ ఫిక్షన్ తొలిసారి గీత మీద కాలు పెట్టింది ఆ పావుగంటలోనే. నిలబడకుండా వెంటనే వెనక్కి వచ్చేసింది, బాలకృష్ణ పాటా ఫైటూ బాకీ ఉన్నాయి కదా.

సరిగ్గా ఆ మరుసటి ఏడే రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. విజయవాడలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో వీడియో క్యాసెట్ల షాపు నడిపి సినిమాల్లోకి వచ్చినవాడు. అతని దెయ్యానికి కోరలూ లేవు, తెల్లచీరా లేదు. మనుషులు లేని గది, మెల్లగా కదిలే కెమెరా, చప్పుళ్ళు. ఇంజనీరు చేసిన దెయ్యం అనాలనిపిస్తుంది, భాగాలు విడదీసి బిగించినట్టు ఉంటుంది. అయినా చివరికి కబురు వెళ్ళింది మాంత్రికుడికే. ఓం పురి వచ్చాడు. 1996లో 'దెయ్యం' కోసం వర్మ మళ్ళీ ఆ దారే పట్టి, ఒక కుటుంబాన్ని ఊరి చివరి ఇంట్లోకి చేర్చాడు. ఊరి చివర ఇల్లు అన్న మాట అప్పట్లో భయానికి కొండగుర్తు. అప్పటి హైదరాబాదుకు ఊరి చివర అంటే మాదాపూర్, గచ్చిబౌలి. బండరాళ్ళు, తుప్పలు, గోల్కొండకు ఒకప్పుడు మంచినీళ్ళిచ్చిన దుర్గం చెరువు.

1998 నవంబరు 22న ఆ రాళ్ళ మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే ఏడు జనవరిలో జపాన్‌లో 'రింగు' విడుదలైంది. శాపం వీడియో క్యాసెట్‌లోంచి వస్తుంది, తప్పించుకోవాలంటే ఆ క్యాసెట్‌ను ఇంకొకరి కోసం కాపీ తియ్యాలి. మర చేసే పనే శాంతి అయిపోయింది. మన దగ్గర అప్పుడు ఎవరూ అలాంటి కథ తీయలేదు, కానీ అలాంటి బతుకు బతుకుతున్నారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని ప్రపంచమంతా వణికింది. ఏడాదిని రెండంకెల్లో రాసిన పాత పొదుపు అది, పాత పాపంలాగే వెంటాడింది. దాన్ని బాగుచెయ్యడానికి అమీర్‌పేటలో మూణ్ణెల్లు కోబాల్ నేర్చుకున్న కుర్రాళ్ళు విమానాలెక్కారు. కాళరాత్రి వచ్చింది, పోయింది, ఏమీ కాలేదు. ఒక తరం తెలుగువాళ్ళ జాతకం తిరిగింది రిపేరు పని మీదే.

బహుశా అందుకే ఆ తరానికి వివరణ మీద అంత మోజు. 2005లో రెండు తమిళ చిత్రాలు తెలుగు మాటలతో వచ్చి ఊళ్ళను ఊపేశాయి. 'చంద్రముఖి' మూలం 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళ్'. అందులో గంగ అనే ఆమెకు పట్టింది దెయ్యం కాదు, మానసిక వ్యాధి అంటాడు సైకియాట్రిస్టు. సరే, మరి మందు? పతాక ఘట్టంలో డాక్టరూ మాంత్రికుడూ ఒక ఒప్పందానికి వస్తారు. ముగ్గు, మంటలు, మంత్రాలు అన్నీ యథావిధిగా జరుగుతాయి. మధ్యలో తిరగబడే పలక ఒకటి అమర్చి, మనిషి ఉన్నచోట బొమ్మను పెట్టి, గంగ పగ ఆ బొమ్మ మీద తీర్చుకునేలా చేస్తారు. రోగం డాక్టరు చెప్పిందే, చికిత్స మాత్రం శాంతి, పనిముట్టు అచ్చంగా మర. యంత్రం అన్న మాటకున్న అన్ని అర్థాలూ ఒకే వేదిక మీద కనిపించిన ఘట్టం నాకు తెలిసి అదొక్కటే.

రెండోది 'అపరిచితుడు'. జనం వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు పెడతారు, శిక్షలు గరుడపురాణం ప్రకారం పడతాయి. వెబ్‌సైటూ గరుడపురాణమూ పక్కపక్కన ఉంటే వింతగా అనిపించాలి కదా, ఎవరికీ అనిపించలేదు. స్ప్లిట్ పర్సనాలిటీ అన్న మాట ఆ ఏడు పల్లెటూళ్ళలో కూడా వినబడింది. పూనకం వచ్చినవాళ్ళ గురించి అనుకోవడానికి ఇంకో పేరు దొరికింది. అదే 2005లో చంద్రశేఖర్ యేలేటి 'అనుకోకుండా ఒక రోజు' తీశాడు. ఒక అమ్మాయి జ్ఞాపకంలోంచి హైదరాబాదులో గడిపిన ఒక రోజు మాయమవుతుంది. దెయ్యం లేదు, ల్యాబు లేదు, నగరమే చాలు. ఆ దారిని మనవాళ్ళు ఇంకాస్త దూరం నడిచి ఉండాల్సింది.

ఇక 2018. ఆ ఒక్క ఏడాది గురించే ఇంత పొడుగూ రాయొచ్చు.

ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'అ!' వచ్చింది. ఒక రెస్టారెంటు. దాని కాపలా మనిషి టైం మెషీన్ తయారుచేసి తన తల్లిదండ్రులను చూడాలనుకుంటాడు. అదే రెస్టారెంటు బాత్రూములో వెయిట్రెస్‌ను దెయ్యం వెంటాడుతుంది. ఒక బల్ల మీద సైన్స్ ఫిక్షన్, గోడకు అవతల హారర్. గోడ ఎక్కడుందో చివర్లో తెలుస్తుంది: అదంతా ఒకే అమ్మాయి మనసులో. ఈ ముగింపు మీద నాకు పూర్తిగా గురి లేదు. అన్నీ మనసులోనే అంటే ఏ ముడీ విప్పనక్కర్లేదు. అయినా రెండు కథలకూ ఒకే కప్పు వేసి, ఒకే మెనూ కార్డు మీద పెట్టిన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మేకప్‌కూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ జాతీయ పురస్కారాలు వచ్చాయి.

నవంబరు 17న 'టాక్సీవాలా'. రాహుల్ సాంకృత్యన్ దర్శకుడు. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కుర్రాడు పాత కాంటెస్సా కొని క్యాబుగా తిప్పుతాడు. కారులో దెయ్యం ఉంది. ఇంతవరకు తెలిసిన సరుకే. మెలిక ఎక్కడంటే, ఆ దెయ్యం మామూలుగా చచ్చి దెయ్యం కాలేదు. శిశిర అనే అమ్మాయి ఒక ప్రొఫెసర్‌తో కలిసి ఆస్ట్రల్ ప్రొజెక్షన్ ప్రయోగం చేస్తుంది. ఆత్మ శరీరం వదిలి బయటికి పోయి తిరిగి రావడమన్నమాట. పోయింది, తిరిగి రాలేకపోయింది. మన ఐటీ భాషలో చెప్పాలంటే లాగౌట్ అయింది, మళ్ళీ లాగిన్ కాలేదు. మన మాంత్రికుల కథల్లో ఎప్పటినుంచో ఉన్న పరకాయ ప్రవేశానికి నోటు పుస్తకం, గడియారం, ప్రొఫెసరు వచ్చి చేరారు. సినిమా మొదటి సగం శాంతి కోసం వెతుకుతుంది, రెండో సగం రిపేరు కోసం. తెలుగు హారర్ చిత్రం మధ్యలో గేరు మార్చి సైన్స్ ఫిక్షన్‌గా మారడం నేను చూసింది అప్పుడే. ఆ మార్పిడి సాఫీగా జరగలేదు. గేరు మారిన చప్పుడు వినిపిస్తుంది. నాకైతే ఆ చప్పుడే ఇష్టం.

ఈ సినిమాలో నన్ను కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. రాత్రి క్యాబులో మగ డ్రైవరు ఆడ దెయ్యానికి భయపడుతుంటే హాలంతా నవ్వింది. ఐటీ కారిడార్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబెక్కే అమ్మాయి భయం దీనికి తలకిందులు. 2013లో ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై కారులో జరిగిన అఘాయిత్యం తర్వాత నగరం ఉలిక్కిపడింది, 2014 అక్టోబరులో పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. నంబరు ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపడం, ఫోనులో లొకేషన్ పంచుకోవడం ఇక్కడ ఆడపిల్లల నిత్యకృత్యం. అది కూడా తాయెత్తే అనిపిస్తుంది ఒక్కోసారి. సైబరాబాద్ అసలు హారర్ కథ ఆ వెనక సీట్లో ఉంది. దాన్ని తీసేవాళ్ళు ఇంకా రావాలి.

పన్నెండు రోజుల తేడాతో, నవంబరు 29న, శంకర్ '2.0' దిగింది. తమిళమే అయినా 'రోబో' సినిమా నుంచి అందులోని రోబో చిట్టి మనవాడే. ఇందులో ప్రతినాయకుడు సెల్‌ఫోన్ టవర్‌కు ఉరేసుకున్న పక్షిప్రేమికుడు. చచ్చి, జనం ఫోన్లన్నీ లాక్కుని, వాటితో పక్షి ఆకారం దాల్చి వస్తాడు. విఠలాచార్యకు చూపిస్తే క్షణంలో పోల్చేవారు: కొరివి దెయ్యం. కానీ సినిమాలో దాన్ని దెయ్యం అనడానికి సైంటిస్టు ఒప్పుకోడు. ఆరా అంటాడు, మైక్రో ఫోటాన్లు అంటాడు, నెగెటివ్ ఎనర్జీకి పాజిటివ్ ఎనర్జీతో విరుగుడంటాడు. మంత్రం పేరు మార్చి ఫిజిక్సు అంటే ఫిజిక్సు అయిపోదు. అయినా పేరు మార్చాలన్న ఆ ఆరాటం చూడండి. 1957లో ఎవరూ అడగని ప్రశ్నకు 2018లో అరగంట జవాబు చెప్పాల్సి వస్తోంది. ప్రేక్షకుల్లో సగం మంది ఇంజనీర్లు మరి.

తర్వాతి ఏడు పూరి జగన్నాథ్ అంత ఓపిక పట్టలేదు. 'ఇస్మార్ట్ శంకర్'లో చనిపోయిన పోలీసు జ్ఞాపకాలను పాతబస్తీ కుర్రాడి బుర్రలోకి ఎక్కించేస్తారు, మెడ వెనక యూఎస్‌బీ పోర్టు పెట్టి. ఉన్నట్టుండి శంకర్ గొంతు మారుతుంది, నడక మారుతుంది, తనవాళ్ళు కానివాళ్ళ కోసం ఏడుస్తాడు. ఊళ్ళో అయితే వేపమండలు తెచ్చేవాళ్ళు. పూనకాన్ని ఒక్క భయపు ఘట్టం లేకుండా, పూర్తిగా మాస్ పాటల మధ్య చూపించిన సినిమా అది. పోర్టు ఉంది కాబట్టి జనం జడవలేదు. వైరు ఎక్కడ పెట్టాలో తెలిస్తే తీసేయడమూ తెలుస్తుందని ధీమా.

కరోనా తర్వాత గీత మళ్ళీ కదిలింది. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'తో వ్యాక్సిన్ ప్రయోగాన్ని కర్నూలు ఫ్యాక్షను మీదికి వదిలాడు. వేటకొడవళ్ళ ఊరికి జాంబీలు కొత్తేమీ కాదన్న వెటకారం బాగానే పేలింది, అంతకుమించి చెప్పుకోవడానికి లేదు. 'ఆహా'లో పవన్ కుమార్ తీసిన 'కుడి ఎడమైతే' అదే ఏడు వచ్చింది. హైదరాబాదులో భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాడు, ఒక పోలీసు అధికారిణి, ఇద్దరికీ ఒకే రోజు పదేపదే తెల్లారుతుంది. ఇచ్చిన పొట్లమే మళ్ళీ ఇవ్వడం, చచ్చిన చావే మళ్ళీ చావడం. కాలం ఇరుక్కుపోవడాన్ని సైఫై అంటాం. డెలివరీ బండి మీద తిరిగేవాడికి అది మామూలు మంగళవారమని ఆ సిరీస్ చూస్తున్నప్పుడు అనిపించింది.

2022లో రెండు కథలు అపార్టుమెంట్లలోకి వచ్చాయి. పల్లవి గంగిరెడ్డి తీసిన 'అన్యాస్ ట్యుటోరియల్'లో మేకప్ పాఠాలు చెప్పే అమ్మాయి కొత్త ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. ఆమెకంటే ముందు ఆమె వీడియో చూసేవాళ్ళకే దెయ్యం కనబడటం మొదలవుతుంది. ఇక్కడ ఫోను సాధనం కాదు, సాక్షి. నవంబరులో వచ్చిన 'మసూద'లో గోపి పిరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పక్క ఫ్లాటులోని టీనేజీ పిల్లకు దుష్టశక్తి పూనుతుంది. గోపి నెట్‌లో వెతకడు, డాక్టరు వివరణ కోసం సినిమా ఆగదు. బాబాను వెతుక్కుంటూ పోతాడు. చంద్రముఖి నాటి రాజీ కూడా లేదు. కోడు రాసేవాడి చేతికి చివరికి మిగిలింది పాత ఆయుధమే. సినిమా బాగా ఆడింది. రిపేరు మీద నమ్మకంతో కట్టిన నగరంలో ఆ నమ్మకం ఎంత పలచబడిందో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు. ఆ సెప్టెంబరులోనే 'ఒకే ఒక జీవితం' టైం మెషీన్‌ను 1998కి, చనిపోయిన అమ్మ దగ్గరికి పంపింది. యంత్రం చక్కగా పనిచేసింది, అమ్మ మాత్రం దక్కలేదు. దెయ్యమంటూ లేని ఆ సినిమాలో కూడా కొడుక్కి చివరికి దొరికింది శాంతే.

2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ'. ఆకాశంలో కాంప్లెక్సు, కింద ఎండిపోయిన కాశీ. నాగ్ అశ్విన్ ఈ సినిమాకు సింగీతం శ్రీనివాసరావును మార్గదర్శిగా పెట్టుకున్నాడు. 1957 నుంచి 2024 దాకా ఒకే మనిషి చేయి. కాంప్లెక్సులో ఆడవాళ్ళకు పేర్లుండవు, నంబర్లుంటాయి. వాళ్ళ గర్భాల నుంచి సీరం పిండుతారు. తెల్లటి గదులు, శుభ్రమైన గాజు, ఎక్కడా మరక లేదు. ఈ మధ్యకాలంలో తెలుగు తెర మీద నన్ను నిజంగా భయపెట్టింది మసూద కాదు, ఆ ల్యాబు. అక్కడ ఏదీ చెడిపోలేదు కదా; యంత్రం చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. నా పరీక్ష అక్కడ పనికిరాకుండా పోయిందని ఒప్పుకోవాలి. రిపేరు అక్కర్లేకుండా సజావుగా నడిచే యంత్రాన్ని చూసి పుట్టే భయానికి మన దగ్గర ఇంకా పేరు లేదు.

ఆ సినిమాలోనే బుజ్జి ఉంది. కీర్తి సురేశ్ గొంతుతో మాట్లాడే కారు. దానికి ముందుగా వచ్చిన బొమ్మల సిరీస్‌లో కథ చెప్పారు: ఎక్కడో నౌకను నడపాల్సిన యంత్ర మెదడు ఒకటి అక్కడ చోటు పోగొట్టుకుని, చివరికి ఈ బండిలోకి వచ్చి చేరుతుంది. కారులో ఇరుక్కున్న ఆడగొంతు. అంతకు ఆరేళ్ళ ముందు 'టాక్సీవాలా' కాంటెస్సాలో ఉన్నదీ అదే. అప్పుడు ఆమెను విడిపించాలన్నది కథ. బుజ్జిని విడిపించాలని ఎవరూ అనుకోలేదు. రామోజీ ఫిల్మ్ సిటీలో దాన్ని జనానికి చూపిస్తే సెల్ఫీలు దిగారు. శిశిరను ఎవరైనా సెల్ఫీ అడిగారా?

ఈ దెయ్యాల్లో, రోబోల్లో చాలా భాగం తయారయ్యేది హైదరాబాదు ఆఫీసుల్లోనే. 2012లో 'ఈగ'ను చేసిన మకుట ఇక్కడి సంస్థే. జాతీయ పురస్కారం తెచ్చుకుంది. హత్యకు గురైనవాడు పగతీర్చుకోవడానికి తిరిగి రావడం దెయ్యం కథకు మొదటి సూత్రం. రాజమౌళి ఆ ఆత్మకు శాంతి చేయించలేదు. సూక్ష్మకళ తెలిసిన నాయిక చేత కళ్ళజోడూ కవచమూ చేయించి ఇచ్చాడు. లోకం చుట్టిన 'లైఫ్ ఆఫ్ పై' పులికి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు కూడా హైదరాబాదులో శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది, కంపెనీ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. నెల జీతం మీద బతికేవాడికి ఇంతకు మించిన హారర్ ఏ రామ్‌గోపాల్ వర్మ తీయాలి?

మాదాపూర్‌లో ఇలాంటి పనే చేసే కుర్రాడొకడు నాకు తెలుసు. రాత్రి షిఫ్టు. షాట్లలో వైర్లు చెరిపేస్తాడు, మనుషుల అంచులు కత్తిరిస్తాడు. నా రిపేరు, శాంతి సిద్ధాంతం చెబితే ఓపిగ్గా విన్నాడు. ఆ తర్వాత తన లెక్క చెప్పాడు. రోబో షాట్ అయితే సెట్లో అద్దంలా మెరిసే లోహపు గోళం ఒకటి పెట్టి ఫొటో తీసుకోవాలట. చుట్టూ ఉన్న దీపాలు, గోడలు, నిలబడ్డ మనుషులు అన్నీ అందులో పడతాయి. తర్వాత అవే రోబో ఒంటి మీద మెరవాలి, లేకపోతే అతికించిన బొమ్మలా ఉంటుంది. దెయ్యం షాట్‌కు ఆ గోళంతో అంత పనిలేదు. నటులందరినీ పక్కకు తప్పించి, కెమెరా కదపకుండా, మనిషన్నవాడు లేని ఖాళీ గదిని ఒకసారి విడిగా తీసుకోవాలి. దెయ్యం లోంచి వెనకాల కనబడాల్సింది ఆ ఖాళీయే.

"హడావుడిలో ఆ ఖాళీ గది తీయడం మర్చిపోతారండీ" అన్నాడు టీ కప్పు కింద పెడుతూ. "అప్పుడు మేం కూర్చుని ఫ్రేము ఫ్రేముకీ గోడ గీయాలి. రోబో కంటే దెయ్యమే ఖర్చవుద్ది."